దొంగగోడ

మేం పరిగెత్తుకుని వెళ్ళేసరికి మా అన్నయ్య కందకంలో నడుం లోతు బురదలో ఉన్నాడు. ఆవు మెడ కింద భుజం ఆనించి, దాని మూతి నీళ్ళలో మునగకుండా కొమ్ములు రెండూ పట్టుకుని, "తాడు! ముందు తాడు తెండి!" అని అరుస్తున్నాడు. పైన పచ్చిక అంచున ఎస్టేటు మేనేజరు గొడుగు వేసుకుని అంతకంటే గట్టిగా అరుస్తున్నాడు.

"మోటారు ఆపావా లేదా? ముందది చెప్పు!"

"ఆవుని తియ్యనీండి సార్!"

"ఆవు సంగతి తర్వాత. మోటారు!"

అప్పుడప్పుడే తెల్లారుతోంది. వాన సన్నబడింది గానీ ఆగలేదు. ఒక ఇంటి వెడల్పు మేర గోడ లేదు. రాళ్ళూ మట్టీ పచ్చికా కలగలిసి కందకంలోకి దిగజారి ఉన్నాయి. ఆ గుట్ట అంచున ఆవు ఇరుక్కుంది.

మా ఆయన వాళ్ళ నాన్న, మా మామయ్య, తాడు విసిరారు. మా ఆయన ట్రాక్టరు వెనక్కి తెచ్చి దానికి కట్టాడు. ఆవు మూడోసారి లాగితే గానీ కదల్లేదు. బయటికొచ్చాక ఒళ్ళు విదిలించుకుని, అక్కడున్న అందరి మీదా బురద చల్లి, ఏమీ జరగనట్టు మేతకు వెళ్ళిపోయింది. మేనేజరు గొడుగు కూడా దాన్నుంచి తప్పించుకోలేదు.

మా మామయ్య తాడు చుట్టుకుంటూ నిలబడ్డారు. ఆ గోడకు మరమ్మతులు చేసే మేస్త్రీ ఆయనే. ఆయన చెయ్యి పడని రాయి అందులో లేదు. అయినా ఆ పొద్దున గోడ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అది నాకప్పుడు వింతగా అనిపించలేదు.

ఆ గోడ గురించి చెప్పాలి. బంగళా కట్టించిన దొరకు వరండాలో కూర్చుంటే పచ్చిక, ఆ తర్వాత బీడు, బీడులో మేసే ఆవులు, అన్నీ ఒక్క తివాచీలా కనపడాలట. మధ్యలో కంచె ఉండకూడదు. కానీ ఆవులు మాత్రం పూలమొక్కల మీదికి రాకూడదు. అందుకని పచ్చిక చివర కందకం తవ్వించాడు. పచ్చిక వైపు నిటారుగా రాతిగోడ, బీడు వైపు ఏటవాలు గట్టు. ఆవు గట్టు దిగొచ్చి, గోడను ఎగాదిగా చూసి, వెనక్కి తిరిగిపోవాలి. గోడ తల పచ్చికతో సమానంగా ఉంటుంది కాబట్టి వరండాలోంచి చూస్తే గోడ ఉన్నట్టే తెలీదు. దొరలు పోయారు, బంగళా ట్రస్టు చేతికొచ్చింది. గోడను మాత్రం ఇక్కడివాళ్ళు మొదట్నించీ దొంగగోడ అనే పిలిచారు.

నా ఉద్యోగం ఆ బంగళా చూడ్డానికి వచ్చేవాళ్ళకు చుట్టూ తిప్పి చూపించడం. "ఇక్కడో గోడ ఉంది, ఎక్కడుందో చెప్పుకోండి" అంటాను. వాళ్ళు వెతుక్కుంటూ పచ్చిక మీద నడిచి, అంచు దాకా వెళ్ళి కెవ్వుమంటారు. ఏళ్ళ తరబడి ఒకటే హాస్యం. ఒక్కసారీ విఫలం కాలేదు.

ఆ వానాకాలం మాత్రం గోడ ఎక్కడుందో ఎవర్నీ అడగాల్సిన పని లేకపోయింది.

*

మా అన్నయ్యను అందరూ కునుకు అంటారు. మోటారు వేసి, తొట్టి నిండేలోగా కూర్చున్న చోటే కునుకు తీస్తాడు. తొట్టి పొర్లితే ఆ చప్పుడుకు లేస్తాడు. దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు కాబట్టి ఆ పేరు ముద్దుగానే సాగింది. గోడ పడ్డ పొద్దున మేనేజరు వెళ్ళేసరికి మోటారు నడుస్తూ ఉందట, తొట్టి పొర్లుతూ ఉందట. తొట్టి పచ్చికకు ఎగువన ఉంది. ఇంకేం కావాలి?

"రాత్రంతా నీళ్ళు వదిలేసి నిద్రపోయాడు. ఆ నీళ్ళకు నేల నాని గోడ కూలింది." ఇదీ మేనేజరు తీర్పు. ఆయన గొంతు మూడు వీధుల అవతలికి వినబడుతుంది కాబట్టి మేం సైరన్ అంటాం, చాటుగా. ట్రస్టు వాళ్ళు ఆయన్ను అడుగుతారు, ఆయనకు చెప్పడానికి ఓ మనిషి కావాలి. "ఇంజనీరు గారు వస్తున్నారు. ఆవిడ చూసి సరేననగానే నువ్వు సామాను సర్దుకోవాలి. అప్పటిదాకా మోటారు గది తాళం నా దగ్గరుంటుంది" అని అన్నయ్యతో తేల్చేశాడు.

మోటారు గది వెనక రెండు గదుల్లోనే అన్నయ్య సంసారం. ఉద్యోగం పోతే నెత్తిమీద కప్పూ పోయినట్టే.

సాయంత్రం వెళ్ళాను. వదిన పొయ్యి ముందు కూర్చుని ఉంది. పిల్లలు అప్పుడే తమ పుస్తకాలు సంచుల్లో పెట్టేసుకున్నారు, ఎవరు చెప్పారో ఏమో. అన్నయ్య గుమ్మంలో కూర్చుని అరికాలికి గుచ్చుకున్న రాతిపెచ్చు తీసుకుంటున్నాడు.

"నిజం చెప్పు అన్నయ్యా. ఆపావా లేదా?"

"ఆపాననుకుంటా."

"అనుకోడం ఏమిటి?"

"చెల్లాయ్, రాత్రి ఆపాను. తెల్లారుజామున లేచి మళ్ళీ వేశాను. అంతలో గోడ పడ్డ చప్పుడు, ఆవు అరుపు. పరిగెత్తాను. ఇదీ నాకు గుర్తున్నది. కానీ ఇంతమంది ఇన్నిసార్లు అంటుంటే, రాత్రి ఆపింది నిజమా, ఆపినట్టు కలగన్నానా అని నాకే అనుమానంగా ఉంది."

"విన్నావా?" అంది వదిన, పొయ్యి వైపు నుంచి తల తిప్పకుండానే. "ఈయన మీద నేరం మోపడానికి సాక్షులక్కర్లేదు. ఈయనే చాలు."

అన్నయ్య నవ్వాడు. వదిన నవ్వలేదు.

"నీకేం, మేస్త్రీగారి కోడలివి" అంది నాతో. "ఆ గోడ సంగతి మీ మామయ్య కంటే తెలిసినవాళ్ళెవరు? ఆయనొక్కమాట, మోటారు నీళ్ళకు ఈ గోడ పడదు అంటే, సైరన్ నోరు మూతపడదా? అడగవే నువ్వు. అడగడానికి కూడా భయమా?"

అవును, ఎందుకడగలేదు? దారంతా అదే ఆలోచించాను. నేనడగలేదు సరే, ఆయనెందుకు అనలేదు?

*

వాన తెరిపిచ్చాక కూలిన చోటు తవ్వి రాళ్ళు ఏరడం మొదలుపెట్టారు. మా ఆయన ట్రాక్టరులో రాళ్ళు మోసుకొచ్చి మా పెరటి పక్కన పోసేవాడు. మా ఇల్లు గోడకు ఎదురుగా, బీడు వైపే ఉంది. మళ్ళీ కట్టడానికి పనికొచ్చే రాళ్ళు ఒక కుప్ప, పెచ్చులు ఒక కుప్ప. మామయ్య ఒక్కో రాయినీ తిప్పి చూసి, ముఖం ఎటో వీపు ఎటో సుద్దతో గుర్తు పెట్టేవారు. పాత గోడ కాబట్టి సిమెంటు వాడకూడదని ట్రస్టు నియమం. మా పెరట్లో సున్నం గుంట ఉంది. అందులో నెలల తరబడి నానిన సున్నానికి ఇటుకపొడి కలిపి ఆయనే మెత్తగా నూరుకుంటారు. ఎస్టేటు మొత్తంలో ఆ సున్నం ఇంకెవరూ కలపరు.

టీ తీసుకెళ్ళి ఇచ్చాను.

"మామయ్యా, గోడ ఎందుకు పడిందంటారు?"

"నీళ్ళు బరువమ్మా." గ్లాసులోకి చూస్తూ అన్నారు. "మట్టి వెనక నీళ్ళు నిలబడితే ఏ గోడైనా ఎంతసేపు మొయ్యగలదు?"

"నీళ్ళు నిలబడకుండా కన్నాలున్నాయిగా?"

గోడ అడుగున బారెడుకో కన్నం ఉంటుంది. వెనక మట్టిలో దిగిన వాననీరు వాటిగుండా కందకంలోకి కారిపోతుంది. నేను వచ్చేవాళ్ళకు గోడ అటు చివర రోజూ చూపించేవే.

మామయ్య టీ పూర్తిగా తాగారు. గ్లాసు నా చేతికిచ్చారు.

"ఉన్నాయి" అన్నారు.

"మరి అన్నయ్య మోటారు..."

"మీ అన్నకేం కాదులే అమ్మాయ్." సుద్ద తీసుకుని మళ్ళీ రాళ్ళ దగ్గర కూర్చున్నారు. అప్పటికే గుర్తు పెట్టిన రాయికే రెండోసారి గుర్తు పెట్టారు.

మర్నాడు మధ్యాహ్నం ట్రాక్టరు పోసిన పెచ్చుల్లో అది దొరికింది. మొక్కల కుండీ అడుగుకు రాతిముక్కలు ఏరుకుందామని కూర్చున్నాను. చేతికి తగిలింది రాయి కాదు. ఒక చివర లావుగా, ఇంకో చివర సన్నగా, పెద్ద సీసా బిరడాలా ఉంది. సున్నపు ముద్ద. లావు వైపు బురద పూసి, రాతిరంగు తెప్పించి, ఎంత నేర్పుగా దిద్దారంటే, గోడలో ఉండగా పక్కన నిలబడి చూసినా కనిపెట్టలేరు. నేనే కనిపెట్టలేదు. సన్నటి వైపు ఏదో గుడ్డ అంటుకుని ఉంది. ముందు గుడ్డ కుక్కి, దానిమీద సున్నం కొట్టి కన్నం మూశారన్నమాట.

పెరట్లో నీళ్ళతొట్టి దగ్గర ఆ గుడ్డ కడిగాను. బురద పోయి గళ్ళు బయటపడ్డాయి. నీలం, తెలుపు గళ్ళు.

మా అత్తయ్య దుప్పటి! నేను దాన్ని ఎన్నిసార్లు ఉతికి ఉంటాను!

వెనక నుంచి మా ఆయన వచ్చాడు. నా చేతిలోది చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత ఆకాశం వైపు చూశాడు.

"మళ్ళీ వాన పట్టేలా ఉంది" అన్నాడు.

"ఏమండీ, ఇది..."

"నేనేం చూళ్ళేదు. నువ్వూ చూళ్ళేదు. ఎదురుగా మా నాన్న, పక్కన మీ అన్న. మధ్యలో నన్ను నిలబెట్టకు." ట్రాక్టరెక్కి వెళ్ళిపోయాడు. ఆయన మంచివాడే. గొడవ వస్తుందంటే చాలు, ట్రాక్టరులో నూనె చూసుకోవాల్సిన పని గుర్తొస్తుంది.

ఆ బిరడాను ఉతకాల్సిన బట్టల మధ్య దాచాను. ఇంట్లో అంతకంటే భద్రమైన చోటు ఉండదనుకున్నాను. బట్టలు నేను తప్ప ఎవరూ ముట్టుకోరు. అత్తయ్యకు కుడిచెయ్యి సరిగ్గా రాదు కదా.

*

అత్తయ్య చెయ్యి అలా అయింది కిందటేడు. కన్నాలు శుభ్రం చెయ్యడం ఆవిడ పని. గోడ మామయ్యది, కన్నాలు అత్తయ్యవి. కాపరానికొచ్చినప్పట్నించీ, వానలకు ముందు కందకంలోకి దిగి, కొస వంచిన ఇనపచువ్వతో ఒక్కో కన్నం పొడిచి, లోపలి ఆకులూ మట్టీ లాగేది. మొగవాళ్ళకు ఓపికుండదనేది. కిందటేడు ఒక కన్నంలో చువ్వ ఇరుక్కుంటే చెయ్యి పెట్టింది. పాము కరిచింది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ మామయ్య ఆ మంచం పక్కనుంచి లేవలేదు. బతికి ఇంటికొచ్చింది గానీ వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు. అక్కడ కప్పుకున్న గళ్ళ దుప్పటి మళ్ళీ ఒంటిమీద వేసుకోనంది. చింపి తుడుచుకునే గుడ్డలు చేశాం.

ఈ ఏడు ఎండలు ముదరగానే మళ్ళీ చువ్వ పట్టుకుని బయల్దేరింది. మేమంతా వద్దన్నాం. "పాము ఒకసారి కరిచిందని కన్నాలకు సెలవిస్తామా?" అంది. ఆ పూట మామయ్య ఆవిడ చేతిలో చువ్వ తీసుకుని, "ఈసారి నేను చూసుకుంటాలే, కూర్చో" అన్నారు. ఒకరోజు పొద్దుటే వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చారు. "అయిపోయింది, అన్నీ తీసేశా" అన్నారు. అత్తయ్య నమ్మింది. నమ్మకపోవడానికేముంది?

బిరడా దాచిన సాయంత్రం నేను బంగళా నుంచి వచ్చేసరికి అత్తయ్య పెరట్లో బండమీద కూర్చుని ఉంది. బట్టల బుట్ట పక్కన బోర్లించి ఉంది. ఎడమచేతిలో బిరడా.

"అమ్మాయ్, బట్టలకు బదులు రాళ్ళుతుకుతున్నావేంటే?"

నేను చెప్పులు విడిచి ఆవిడ పక్కన కూర్చున్నాను.

ఆవిడ దాన్ని బొటనవేలితో రుద్దింది. గుడ్డ అంచు లాగి చూసింది. తర్వాత లేచి సున్నం గుంట దగ్గరికి వెళ్ళి, అక్కడ ఎండిన పెచ్చు ఒకటి తీసి పక్కపక్కన పెట్టి చూసింది. మళ్ళీ వచ్చి కూర్చుంది.

"ఎక్కడ దొరికింది?"

"కూలిన పెచ్చుల్లో."

"ఒకటేనా?"

"ఒకటే దొరికింది. అక్కడంతా మూసి ఉంటారు అత్తయ్యా. మన ఇంటి ఎదురు భాగమంతా."

మన ఇంటి ఎదురు భాగం అంటే ఆవిడకు పాము కరిచిన భాగం. అది నేను అనక్కర్లేకపోయింది.

"వానలకు ముందు తీసేద్దామనుకుని ఉంటాడు మీ మామయ్య" అంది అత్తయ్య. "నేను మళ్ళీ చెయ్యి పెడతానని భయం. ఆ ఎండలు పోయేదాకా మూసి, నాకు చువ్వ మీద ధ్యాస తగ్గాక తెరుద్దామనుకున్నాడు. ఇంతలో వాన ముందే పట్టేసింది. పిచ్చి మారాజు. కన్నం మూస్తే గోడ ఏమవుతుందో చంటిపిల్లాడికి కూడా చెప్పేవాడు. తనే మూశాడు."

"మా అన్నయ్య ఇల్లు ఖాళీ చెయ్యాలంటున్నారు అత్తయ్యా."

"నాకు చెవుడు లేదే. వింటూనే ఉన్నా."

"మరి మామయ్య ఎందుకు చెప్పరు?"

"ఎందుకు మూశావంటే నా పేరు చెప్పాలిగా. నా మూలంగా గోడ కూలిందని నేను ఏడుస్తానని ఆయన బాధ. తన చేతిపని తన చేత్తోనే పడిందని నలుగురూ అంటారని ఇంకో బాధ. రెండూ కలిసి గొంతులో బిరడా అయ్యుంటాయి." బిరడాను కొంగులో మూటగట్టింది. "ఇంజనీరమ్మ వచ్చేదాకా ఆగు. సున్నం ఆరడానికి టైమిస్తాం కదా, మనిషికివ్వమా?"

"అప్పటికీ చెప్పకపోతే?"

అత్తయ్య బోర్లించిన బట్టలు మళ్ళీ బుట్టలో వేయడం మొదలుపెట్టింది, ఎడమచేత్తో.

ఆ వారమంతా మేం ఆయనకు దారి ఇస్తూనే ఉన్నాం. అన్నం దగ్గర అత్తయ్య, "ఆ కునుకుగాడి పిల్లలు ఇవాళ బడికి వెళ్ళలేదట" అనేది. మామయ్య చెయ్యి కంచంలో ఆగేది. "వాళ్ళమ్మ అట్టపెట్టెలు అడిగింది" అనేదాన్ని నేను. మా ఆయన గబగబా రెండు ముద్దలు మింగి ట్రాక్టరు దగ్గరికి లేచేవాడు. మామయ్య నీళ్ళు తాగేవారు. ఒకసారి నోరు తెరిచారు కూడా. మేం ముగ్గురం మెతుకు కదపకుండా చూశాం.

"ఉప్పు తక్కువైంది" అన్నారు.

*

ఇంజనీరమ్మ వచ్చిన రోజు ఎండ కాసింది. సన్నగా, పొట్టి జుట్టుతో, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు. వస్తూనే కందకంలోకి దిగిపోయింది. మేనేజరు పైనుంచే వివరించబోయాడు గానీ, ఆవిడ తలెత్తకపోవడంతో బూట్లు విప్పుకుని తనూ దిగాల్సి వచ్చింది. అన్నయ్య, వదిన గట్టు మీద. మామయ్య సగం లేచిన కొత్త గోడ దగ్గర తాపీ పట్టుకుని. అత్తయ్యా నేనూ ఆయనకు కాస్త వెనగ్గా.

"మోటారు రాత్రంతా నడిచిందండీ" అన్నాడు మేనేజరు.

"నడవనివ్వండి." ఆవిడ కూలిన చోటు పక్కన, ఇంకా నిలబడి ఉన్న భాగాన్ని అడుగునుంచి తడుముతోంది. "ఆ వాన ముందు మీ తొట్టి పొర్లు ఎంతండీ? అందులోనూ ఇక్కడ కారిపోవడానికి దారి పెట్టి మరీ కట్టారు. నాకర్థం కానిది వేరే. అటు చివర కన్నాలు కారుతున్నాయి. ఇక్కడ ఒక్క చుక్క లేదేం?"

సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి ఒకచోట గీకింది. బురద రాలింది. కింద తెల్లగా గుండ్రటి మచ్చ. పక్కన ఇంకోచోట గీకింది. ఇంకో మచ్చ.

"మూసేశారు" అంది. "ఎవరో కావాలనే మూసేశారు. పని చక్కగా చేశారు కూడా."

కందకంలో కప్ప ఒకటి అరిచింది. అది చాలు మేనేజరుకు.

"కప్పలు!" అన్నాడు. "వీడే! ఈ కన్నాల్లోంచి కప్పలు వచ్చి గదిలో దూరుతున్నాయి, నిద్ర పట్టట్లేదు అని కిందటేడు నా దగ్గరకొచ్చి మొత్తుకున్నాడు. ఏరా, నువ్వే కదూ మూసింది?"

అన్నయ్య గట్టుమీద నిలబడి తల గోక్కున్నాడు. నిజాయితీగా ఆలోచించాడు. ఆ ఆలోచన చూసి వదిన నుదురు పట్టుకుంది.

"కప్పల సంగతి చెప్పిన మాట నిజమే సార్" అన్నాడు. "మూసినట్టు గుర్తులేదు. కానీ... ఏమో. నేనే మూశానేమో."

కూలీలు పగలబడి నవ్వారు. ఇంజనీరమ్మ కూడా పెదవి కొరుక్కుంది. "సొంతంగా ఒప్పుకున్నాడు, విన్నారుగా!" అని మేనేజరు సైరన్ మోగించాడు. నవ్వనివాళ్ళం నలుగురమే. వదిన కళ్ళు నా మీదే ఉన్నాయి. మామయ్య చేతిలో తాపీ మీది సున్నం జారి ఆయన పాదం మీద పడింది. ఆయన తుడుచుకోలేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి.

ఇంక ఆగలేకపోయాను. "మేడమ్, అది మా..." అంటూ ఒకడుగు ముందుకు వేశాను.

మణికట్టు మీద ఒక చెయ్యి పడింది. సరిగ్గా ముడుచుకోని వేళ్ళు. అయినా గట్టిగానే పట్టుకున్నాయి.

"నువ్వాగు" అంది అత్తయ్య, నాకు మాత్రమే వినపడేలా. "నువ్వు కోడలివి. నువ్వు చెబితే, అన్నకోసం మామ మీద చెప్పిందని జన్మంతా మిగిలిపోతుంది. నేను చెబితే అది మా మొగుడూ పెళ్ళాల గొడవ. రేపటికి ఉండదు."

నన్ను వెనక్కి నెట్టి, మామయ్య పక్కకు వెళ్ళి నిలబడింది. ఆయన ఆవిడ వైపు చూశారు. వద్దని అనలేదు. తాపీ కింద పెట్టారు. అత్తయ్య కొంగుముడి విప్పి, గళ్ళగుడ్డ అంటుకున్న బిరడాను ఇంజనీరమ్మ చేతిలో పెట్టింది.

"ఆ అబ్బాయిని వదిలెయ్యండమ్మా, వాడికి నిద్రపోవడం తప్ప ఇంకో నేరం రాదు" అంది. "నాకు పాము కరిచింది. మళ్ళీ చెయ్యి పెడతానేమోనని భయపడ్డాడు. కన్నాలు మూసింది మా ఆయన. ఇదిగో, ఈ మేస్త్రీయే."